ముందు మీ అంచనా చెప్పండి

చేతిలో నాలుగు రూపాయి బిళ్లలున్నాయి. వాటిని బల్ల మీద కుప్పలుగా పెట్టాలి. ఎన్ని రకాలుగా పెట్టొచ్చు? నాలుగూ కలిపి ఒకే కుప్ప పెట్టొచ్చు. మూడు ఒకచోట, ఒకటి వేరుగా పెట్టొచ్చు. రెండేసి చొప్పున రెండు కుప్పలు వేయొచ్చు. రెండు ఒకచోట ఉంచి మిగతా రెండింటినీ విడివిడిగా పెట్టొచ్చు. నాలుగూ నాలుగు చోట్ల పెట్టొచ్చు. మొత్తం ఐదు రకాలు. బిళ్లలు రెండే ఉంటే రెండు రకాలు, మూడుంటే మూడు. ఐదుంటే ఏడు, ఆరుంటే పదకొండు. నమ్మకం కుదరకపోతే కాగితం మీద వేసి చూసుకోండి, పెద్ద సేపు పట్టదు.

ఇప్పుడు బిళ్లలు ఏడు. కింది పేరాలోకి వెళ్లేముందు ఒక్క క్షణం ఆగి, ఎన్ని రకాలు రావొచ్చో మనసులో ఒక సంఖ్య అనుకోండి.

2, 3, 5, 7, 11 అని వరసగా కనబడితే లెక్కలతో కాస్త పరిచయం ఉన్నవాళ్లకు ప్రధాన సంఖ్యలు గుర్తొస్తాయి. తర్వాతిది 13 అని నోటిదాకా వచ్చేస్తుంది. అసలు జవాబు 15.

13 అనుకున్నవాళ్లు ఈ 15ను అంత తేలిగ్గా మర్చిపోరు. ఏమీ అనుకోకుండా కిందికి దిగిపోయినవాళ్లకు రేపటికల్లా ఇది గుర్తుండకపోవచ్చు. నేట్‌ కార్నెల్‌, మాథ్యూ హేస్‌, రాబర్ట్‌ బ్యోర్క్‌ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2009లో సరిగ్గా ఈ సంగతి మీదే ప్రయోగాలు ప్రచురించారు. ఒక పద్ధతిలో ప్రశ్న, జవాబు కలిపి ఇచ్చి చదువుకోమన్నారు. ఇంకో పద్ధతిలో ప్రశ్న ఒక్కటే ఇచ్చి, తెలియకపోయినా సరే ఏదో ఒకటి ఊహించమన్నారు. తర్వాతే జవాబు చూపించారు. ఊహ తప్పినప్పుడు కూడా, నేరుగా చదువుకున్నప్పటి కంటే జవాబు బాగా గుర్తుండిపోయింది. జవాబుతో గడిపిన సమయం ఊహించినప్పుడే తక్కువ. అయినా మొగ్గు అటువైపే ఉంది.

ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఉండే ఆ కాస్త ఎడమే ఈ కథనానికి విషయం. ఒక పనిలో పట్టు దొరకడం, ఆనుపానులు తెలియడం, చూడగానే ‘ఇక్కడేదో తేడాగా ఉంది’ అనిపించడం, ఇవన్నీ ఆ ఎడంలోనే పుడతాయి. ఫోన్‌ జేబులో ఉన్న ప్రతి మనిషికీ ఇప్పుడు ఆ ఎడం రెండు సెకన్లకు కుదించుకుపోయింది. జవాబులు చవకయ్యాయని నాకు బాధ లేదు. ఊరి లైబ్రరీలో లేని సంగతి పల్లెటూరి పిల్లకు క్షణంలో దొరకడం మంచి విషయమే. నా బెంగంతా జవాబుకు ముందు జరగాల్సిన పని గురించి. అది ఇంట్లోనూ, బళ్లోనూ, ఆఫీసులోనూ మెల్లగా మాయమైపోతోంది.

గైడు పుస్తకంతో ఎదిగినవాడు

బిళ్లల కుప్పల లెక్కను గణితంలో పూర్ణాంకాల విభజన అంటారు. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ త్వరగానే చేయి దాటిపోతుంది. పది బిళ్లలకు 42 రకాలు. వందకు 19,05,69,292. రెండు వందలకు 39,72,99,90,29,388, అంటే దాదాపు నాలుగు లక్షల కోట్లు. కంప్యూటర్లు లేని రోజుల్లో మేజర్‌ పెర్సీ మెక్‌మాన్‌ అనే ఆంగ్ల గణితవేత్త 1 నుంచి 200 వరకు ఈ సంఖ్యలన్నీ చేత్తో లెక్కగట్టి పట్టిక వేశాడు. ఆ పట్టిక కేంబ్రిడ్జిలో శ్రీనివాస రామానుజన్‌ చేతికొచ్చింది.

ఆ పట్టికలో రామానుజన్‌కు ఏం కనబడిందో మనమూ చూడొచ్చు. నాలుగు బిళ్లలకు 5. తొమ్మిదికి 30. పద్నాలుగుకు 135. పంతొమ్మిదికి 490. ఇరవై నాలుగుకు 1575. బిళ్లల సంఖ్య 4తో గాని 9తో గాని ముగిస్తే, వచ్చే జవాబు ఎప్పుడూ 5తో భాగింపబడుతోంది! 7కూ 11కూ కూడా ఇలాంటిదే ఒక్కో సూత్రం ఉందని ఆయన పసిగట్టాడు. 1919లో 5, 7ల సూత్రాలకు నిరూపణ అచ్చువేశాడు. సంఖ్యలను కూడికల్లోకి విడగొట్టే లెక్కలో భాగహారపు క్రమం ఎందుకుండాలి? ఉంటుందని ఎవరూ అనుకోలేదు. లెక్కలన్నీ వేసిన మెక్‌మాన్‌ కళ్లెదుటే ఆ క్రమం ఉంది. అది రామానుజన్‌ కంటికి ఆనింది.

ఆయన ప్రతిభ గురించి మాట్లాడేటప్పుడు మనం ఆయన కులదైవం నామగిరి తాయారు దగ్గర ఆగిపోతాం. అమ్మవారి మీద ఆయనకున్న భక్తి నిజమే, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. నాకు అంతకంటే ఆసక్తి కలిగించేది ఆయన చదివిన పుస్తకం. 1903లో, పదిహేనేళ్ల వయసులో, కుంభకోణంలో ఆయన చేతికి జి.ఎస్‌. కార్‌ రాసిన ‘సినాప్సిస్‌’ దొరికింది. కార్‌ పెద్ద గణితవేత్తేమీ కాదు. కేంబ్రిడ్జి ట్రైపాస్‌ పరీక్షకు కుర్రాళ్లను తయారుచేసే ట్యూషన్‌ మాస్టారు. ఆ పుస్తకం కూడా పరీక్ష కోసం కూర్చిందే. బీజగణితం, త్రికోణమితి, కలనగణితం, రేఖాగణితం అన్నీ కలిపి దాదాపు ఐదు వేల ఫలితాలు వరస నంబర్లతో ఉంటాయి. నిరూపణలు చాలాచోట్ల ఉండవు, ఉన్నా ఒకటి రెండు వాక్యాల సూచనలే. మన భాషలో చెప్పాలంటే అది గైడు.

ఆ గైడును ఆయన బట్టీ పట్టలేదు. ఒక్కో ఫలితాన్నీ ప్రశ్న కింద తీసుకుని, ఇది ఎందుకు నిజమవుతుందో తనంతట తాను రాబట్టుకుంటూ పోయాడు. కాగితం కొనే స్తోమత లేక పలక మీద వేశాడు. తప్పితే మోచేత్తో చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాడు. తేలిన ఫలితాన్ని మాత్రం నోటుపుస్తకంలోకి ఎక్కించాడు. పలక మీద చెరిగిపోయిన దారులు ఎన్నో, ఎలాంటివో ఎవరూ చూడలేదు. కానీ పదేళ్లపాటు సంఖ్యలతో అలా మల్లగుల్లాలు పడిన మనిషి కాబట్టే, మెక్‌మాన్‌ పట్టికలో అందరికీ అంకెలు కనబడితే ఆయనకు వాటి నడక కనబడింది. ఆ నోటుపుస్తకాల్లోని మూడు వేల పైచిలుకు ఫలితాలకు నిరూపణలు కూర్చడానికి అమెరికా గణితవేత్త బ్రూస్‌ బెర్న్‌ట్‌కు ఐదు సంపుటాలు పట్టాయి. వాటిలో చివరిది 1998లో వచ్చింది.

ఇందుకు ఆయన చెల్లించుకున్న మూల్యం కూడా చెప్పాలి. మిగతా సబ్జెక్టులు పట్టించుకోనందుకు కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్‌ పోయింది. మద్రాసులో ఎఫ్‌.ఏ. పరీక్ష తప్పాడు. పోర్ట్‌ ట్రస్ట్‌లో గుమాస్తాగా చేరాడు. ఆ దారిన నడవమని ఏ పిల్లవాడికీ చెప్పలేం. నేను చెప్పదలచుకుంది చిన్న సంగతి. జవాబుల పుస్తకం తనంతట తాను మనిషిని పైపై చదువుకు నెట్టదు. జవాబు కనబడ్డాక మనం ఏం చేస్తామన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ఇరవై ఐదు వేల వీధులు

మన కాలానికి మరింత దగ్గరి కథ లండన్‌లో ఉంది. అక్కడ నల్ల టాక్సీ నడపాలంటే ‘నాలెడ్జ్‌’ అనే పరీక్ష గట్టెక్కాలి. 1865 నుంచి ఉంది. చారింగ్‌ క్రాస్‌ నుంచి చుట్టూ ఆరు మైళ్ల లోపలున్న దాదాపు 25,000 వీధులు, వాటి మీదున్న ఆస్పత్రులు, హోటళ్లు, కోర్టులు, థియేటర్లు, రాయబార కార్యాలయాలు అన్నీ తలలో ఉండాలి. నేర్చుకోవడానికి 320 దారుల పుస్తకం ఉంటుంది. మొదటి దారి మేనర్‌ హౌస్‌ స్టేషన్‌ నుంచి గిబ్సన్‌ స్క్వేర్‌ వరకు. ఈ పరీక్షకు తయారయ్యేవాళ్లు చిన్న మోటారు సైకిలు హ్యాండిల్‌కు అట్ట బిగించుకుని, దాని మీద ఆ రోజు దారి రాసుకుని, వానలోనూ చలిలోనూ వీధులు తిరుగుతారు. సాయంత్రం తోటివాడి ఎదురుగా కూర్చుని ఆ దారిని నోటితో అప్పజెబుతారు. ఎడమకు తిరిగి ఫలానా వీధి, కుడికి తిరిగి ఫలానా రోడ్డు, సర్కిల్‌ దాటి రెండో మలుపు, అలా.

పరీక్ష కూడా నోటిమాటగానే. ఎదుట కూర్చున్న అధికారి రెండు చోట్ల పేర్లు చెబుతాడు. మ్యాపు లేకుండా, తడుముకోకుండా దారి చెప్పాలి. మొదట్లో ఈ హాజరు 56 రోజులకోసారి ఉంటుంది. ముందుకు పోయేకొద్దీ 28 రోజులకు, ఆపై 21 రోజులకు ఒకసారి పిలుస్తారు. మొత్తం తతంగానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. చాలామంది మధ్యలోనే మానేస్తారు.

యూనివర్సిటీ కాలేజ్‌ లండన్‌లో ఎలినార్‌ మగ్వైర్‌ బృందం 2000లో ఈ డ్రైవర్ల మెదళ్లను స్కాన్‌ చేసింది. దారులూ చోట్లూ గుర్తుంచుకునే హిప్పోక్యాంపస్‌ వెనక భాగం వీళ్లలో మామూలు వాళ్లకంటే పెద్దదిగా ఉంది. సర్వీసు ఎంత ఎక్కువైతే అంత పెద్దది. పుట్టుకతోనే అలా ఉన్నవాళ్లే ఈ వృత్తిలోకి వచ్చి ఉండొచ్చు కదా అన్న అనుమానం రావడం సహజం. అందుకని 79 మంది అభ్యర్థులను మొదటి రోజుల్లోనే స్కాన్‌ చేసి, ఏళ్లు గడిచాక మళ్లీ చేశారు. ఆ ఫలితాలు 2011లో వచ్చాయి. మొదట్లో అందరి మెదళ్లూ ఒకేలా ఉన్నాయి. పరీక్ష నెగ్గిన 39 మందిలోనే ఆ భాగం పెరిగింది.

వీటన్నిటి కంటే నాకు విలువైనదిగా తోచింది 2006లో వచ్చిన మరో పోలిక. అదే లండన్‌లో, అదే ట్రాఫిక్‌లో, అన్నేళ్లే బండి నడిపిన సిటీ బస్సు డ్రైవర్లను టాక్సీవాళ్ల పక్కన పెట్టి చూశారు. బస్సు డ్రైవర్లలో ఆ మార్పు లేదు. కారణం ఊహించడం కష్టం కాదు. బస్సుకు రూటు ముందే గీసి ఉంటుంది. టాక్సీ ఎక్కిన ప్రతి మనిషీ కొత్త ప్రశ్న. అనుభవం అనే మాటను మనం సంవత్సరాల్లో కొలుస్తాం. ఆ సంవత్సరాల్లో ఎన్నిసార్లు సొంతంగా దారి ఎంచుకోవాల్సి వచ్చిందో లెక్కలోకి తీసుకోం. ఇరవయ్యేళ్ల సర్వీసుండీ పనిలో లోతు లేనివాళ్లు, ఐదేళ్లకే చేయి తిరిగినవాళ్లు మనకు ప్రతి ఆఫీసులోనూ కనబడతారు. ఆ తేడా ఇక్కడ ఉందనే నా నమ్మకం.

ఇక జీపీఎస్‌. అదే యూనివర్సిటీలో హ్యూగో స్పియర్స్‌ బృందం 2017లో ఇంకో పరిశోధన ప్రచురించింది. తెర మీద చూపిన లండన్‌ సోహో వీధుల్లో దారి వెతకమని 24 మందికి పని పెట్టి మెదడును గమనించారు. సొంతంగా వెతుక్కుంటున్నప్పుడు ప్రతి కొత్త వీధి మొదట్లోనూ హిప్పోక్యాంపస్‌ చురుగ్గా కదిలింది. తెర మీద వచ్చే సూచనల ప్రకారం వెళ్తున్నప్పుడు ఆ కదలిక లేదు. రెండు పద్ధతుల్లోనూ మనిషి గమ్యం చేరాడు. వీధులు మాత్రం ఒక్క పద్ధతిలోనే మెదడును కదిపాయి.

లండన్‌ టాక్సీవాళ్లకూ ఇందులో కొంత నష్టం ఉందని మగ్వైర్‌ బృందమే గుర్తించింది. కొత్త బొమ్మలను చూసి గుర్తుంచుకునే కొన్ని పరీక్షల్లో వాళ్లు వెనకబడ్డారు. లోతు ఉచితంగా రాదు. అందుకే ఏ విషయంలో లోతు కావాలి, ఏ విషయంలో ఫోన్‌ చాలు అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిన ప్రశ్న. పరాయి ఊళ్లో పెళ్లి మంటపానికి వెళ్లడానికి నేనూ మ్యాపునే నమ్ముకుంటాను. నా వృత్తిలో మాత్రం ఆ వెసులుబాటు తీసుకోకూడదనుకుంటాను.

అరవై ఏడు సెకన్లు

మన పిల్లల దగ్గరికొద్దాం. రెండు తెలుగు రాష్ట్రాల్లో లక్షల ఇళ్లను శాసించిన ఎంసెట్‌లో 160 ప్రశ్నలకు మూడు గంటలు. అంటే ప్రశ్నకు దాదాపు అరవై ఏడు సెకన్లు. ఆ అరవై ఏడు సెకన్ల చుట్టూ ఒక చదువు పుట్టింది. ఒక ఉదాహరణ చూడండి. ఒకటీ రెళ్లు, రెండూ మూళ్లు, మూడూ నాలుగులు, ఇలా పక్కపక్క సంఖ్యల లబ్ధాలను n పదాల దాకా కూడితే ఎంత? నాలుగు ఆప్షన్లిచ్చారు. కోచింగ్‌లో నేర్పే పద్ధతి ఇది: n స్థానంలో 1 వెయ్యి, 2 రావాలి. 2 వెయ్యి, 8 రావాలి. రెండూ సరిపోయిన ఆప్షన్‌ టిక్కు పెట్టు. పది సెకన్ల పని. జవాబు n(n+1)(n+2)/3 అని తేలిపోతుంది.

ఆ 3 అక్కడికెలా వచ్చింది? ఈ ప్రశ్నకు తరగతిలో సమయం లేదు. నిజానికి ఆ లెక్కలోని అందమంతా అక్కడే ఉంది. ప్రతి పదాన్నీ వరస మూడు సంఖ్యల లబ్ధాల తేడాలో మూడోవంతుగా రాసుకోవచ్చు. రెండూ మూళ్ల ఆరును తీసుకుంటే, 2×3×4 నుంచి 1×2×3 తీసేయగా వచ్చే 18లో మూడోవంతు అది. అలా అన్ని పదాలనూ రాస్తే మధ్యలోవన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని చివరిదొక్కటే మిగులుతుంది. దీన్ని ఒక్కసారి తనకు తాను కనిపెట్టిన పిల్లకు తర్వాత డజన్ల కొద్దీ లెక్కలు చుట్టాల్లా పలకరిస్తాయి. టిక్కు పెట్టి పోయిన పిల్లకు ప్రతి లెక్కా కొత్తదే, ప్రతిదానికీ మళ్లీ ఒక కిటుకు కావాలి.

పిల్లలను తప్పుపట్టలేం. ర్యాంకు వస్తే ఫీజు తిరిగొచ్చే ఇంట్లో అరవై ఏడు సెకన్లు నిజం. లెక్చరర్లకూ సిలబస్‌ గడువు నిజం. అయినా రెండేళ్లలో ఒక్క లెక్క కూడా రోజంతా వెంటాడకుండా ఇంటర్‌ పూర్తిచేసిన పిల్లలను ఇంజినీరింగ్‌లోకి పంపుతున్నామంటే మనం వాళ్లకు ద్రోహం చేస్తున్నామనే నేను అనుకుంటున్నాను. లెక్కతో తలపడడం ఎలా ఉంటుందో వాళ్లకు ఎవరూ రుచి చూపించలేదు.

ఇప్పుడు ఆ చదువు మీదికి ఏఐ వచ్చి చేరింది. దాని ప్రభావం గురించి నోటికొచ్చింది మాట్లాడేవాళ్లు చాలామంది. గట్టి ప్రయోగాలు కొద్దిగానే ఉన్నాయి. అందులో ఒకటి తుర్కియేలో దాదాపు వెయ్యిమంది హైస్కూలు పిల్లలతో లెక్కల క్లాసులో జరిగింది. అమెరికాలోని వార్టన్‌ పరిశోధకులు చేశారు. ఒక గుంపుకు మామూలు చాట్‌ ఇచ్చారు. ఇంకో గుంపుకు, జవాబు చెప్పకుండా టీచర్లు రాసిచ్చిన సూచనలు మాత్రమే అందించే చాట్‌ ఇచ్చారు. మూడో గుంపుకు పుస్తకాలే. సాధన చేస్తున్నంతసేపు మొదటి గుంపు మార్కులు 48 శాతం పెరిగాయి, రెండో గుంపువి 127 శాతం. తర్వాత అన్నీ తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్‌ వాడినవాళ్లు, అసలు చాటే చూడని పిల్లల కంటే 17 శాతం వెనకబడ్డారు. సూచనల చాట్‌ వాడినవాళ్లకు ఆ నష్టం దాదాపుగా కలగలేదు. మొదటి గుంపులో చాలామంది చాట్‌ను అడిగింది నేరుగా జవాబే. తమ చదువు దెబ్బతిందని కూడా వాళ్లకు అనిపించలేదు.

ఆ చివరి వాక్యమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. సాఫీగా చదివేసిన పాఠం వచ్చేసినట్టే ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్‌, కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగంలోనూ ఇదే తేలింది. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు తమకు బాగా గుర్తుంటుందని ధీమాగా చెప్పారు. ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాసినవాళ్లకు అంత ధీమా లేదు. వారం తిరిగేసరికి రెండోవాళ్లే ముందున్నారు.

పళ్లెంలో నీళ్లు

ఇలా పెంచుకున్న అంతర్‌దృష్టిని అన్నిచోట్లా నమ్మొచ్చా? నమ్మకూడదు. ఈ విషయంలో 2009లో అరుదైన పని ఒకటి జరిగింది. మనిషి అంచనాలు ఎంత మోసం చేస్తాయో జీవితమంతా చూపిన డేనియల్‌ కానెమన్‌, అగ్నిమాపక దళాల అంచనాలు ఎంత నమ్మదగ్గవో జీవితమంతా చూపిన గ్యారీ క్లయిన్‌ కలిసి కూర్చుని ఒక వ్యాసం రాశారు. కొట్లాడుకుంటారనుకున్నవాళ్లు ఒక మాట మీదికొచ్చారు. అంతర్‌దృష్టిని నమ్మాలంటే రెండు ఉండాలి. ఆ పనిలో నిలకడైన క్రమం ఉండాలి. మన అంచనా ఒప్పో తప్పో వెంటవెంటనే తెలుస్తుండాలి.

సంక్రాంతి ముందు అరిసెల పాకం పట్టే ఇంట్లో ఈ రెండూ ఉంటాయి. బెల్లం ఉడుకుతుంటే పక్కన పళ్లెంలో నీళ్లు పెట్టుకుంటారు. చుక్క పాకం అందులో వేసి వేళ్లతో దగ్గరికి తీస్తారు. జారిపోతే ఇంకా లేత, మెత్తగా ఉండ కడితే దించేయాలి. క్షణం ఏమరినా ముదురుతుంది, అరిసె గట్టిపడుతుంది. తొందరపడి లేతపాకంలో పిండి కలిపితే నూనెలో విచ్చిపోతుంది. వీడియోలో ‘పది నిమిషాలు’ అంటారు. కానీ కొత్త బెల్లం వేరు, పాత బెల్లం వేరు. పిండిలో తడి కూడా ప్రతిసారీ ఒకలా ఉండదు. చేయి తిరిగినావిడ నురగ చూసి ‘ఇప్పుడు’ అనుకుంటుంది, అయినా నీళ్లలో వేసి చూస్తుంది. ప్రతి చుక్కా ఒక అంచనా, ప్రతి చుక్కకూ వెంటనే తీర్పు. ఇరవై సంక్రాంతులకు ఆమె కన్ను అలా తయారవుతుంది.

షేర్‌ మార్కెట్‌లో ఫ్యూచర్స్‌, ఆప్షన్స్‌ ఆడేవాడికి అలాంటి పళ్లెం లేదు. నిలకడైన క్రమం లేదు. లాభమొస్తే అది తెలివో అదృష్టమో తెలిసే దారి లేదు. అయినా నాలుగు వీడియోలు చూసి ‘నాకు మార్కెట్‌ నాడి తెలుసు’ అనేవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. 2024 సెప్టెంబర్‌లో సెబీ లెక్క తేల్చింది. మూడేళ్లలో ఈ వ్యాపారం చేసిన వ్యక్తిగత మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారు.

రామానుజన్‌ కూడా దీనికి అతీతుడు కాదు. 1913లో కేంబ్రిడ్జి గణితవేత్త జి.హెచ్‌. హార్డీకి రాసిన ఉత్తరాల్లో ప్రధాన సంఖ్యల పంపిణీ గురించి ఆయన చెప్పుకున్నవి కొన్ని తప్పని తేలాయి. చిన్న సంఖ్యల్లో కనబడిన క్రమం పెద్ద సంఖ్యల్లోకి వెళ్లేసరికి నిలవలేదు. విభజనల్లో అంత పదునుగా పనిచేసిన చూపే ఇక్కడ దారి తప్పింది. కుంభకోణంలోనూ మద్రాసులోనూ ఆయన చేసినదాన్ని ఇది తప్పు, ఇక్కడ తప్పు అని దిద్దగలిగినవాళ్లు దాదాపుగా లేరు.

పృచ్ఛకుడి స్థానంలో

ఇలాంటి చూపు ఎలా సాధించాలో తెలుగువాళ్లకు తెలియకపోలేదు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి నూరేళ్లకు ముందే ఊరూరా తిప్పి జనంలోకి తెచ్చిన అవధానాన్ని ఈ కళ్లతో ఒకసారి చూడండి. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు. వాళ్లలో నిషిద్ధాక్షరి పృచ్ఛకుడి పని అడ్డుపడడమే. కందపద్యం అనుకుందాం. అవధాని ‘శ్రీ’ అన్నాడు. తర్వాత ‘రామ’ వస్తుందేమోనని పృచ్ఛకుడు ‘ర’ వద్దంటాడు. అవధాని ‘మా’ అంటాడు. ‘శ్రీమాత’ అవుతుందని ‘త’ వద్దంటాడు. అవధాని ‘న్య’ అని ‘శ్రీమాన్య’ వైపు తిరుగుతాడు. ఈలోపు ఎన్ని బంధాలు పడ్డాయో చూడండి. మొదటి అక్షరం గురువైంది కాబట్టి నాలుగు పాదాలూ గురువుతోనే మొదలవ్వాలి. రెండో అక్షరం ‘మ’కారమైంది కాబట్టి నాలుగు పాదాల్లోనూ ప్రాస అదే కావాలి. బేసి గణంలో జగణం రాకూడదు, ఆరో గణం జగణమో నలమో కావాలి. యతి కుదరాలి. అర్థం తెగకూడదు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి వచ్చి ఏదో అడుగుతుంటాడు, గంటలు మోగుతుంటాయి. చివర్లో పద్యాలన్నీ ధారణ చేసి అప్పజెప్పాలి.

ఆ క్షణంలో ఎవరూ వేళ్ల మీద గణాలు లెక్కపెట్టుకోలేరు. ఏళ్ల తరబడి పద్యాలు చదివి, రాసి, యతి తప్పిందనో ప్రాస చెడిందనో దిద్దించుకుని, మళ్లీ రాసి సంపాదించిన ఒడుపు అది. పృచ్ఛకుడు జవాబు అందించడు. దారి మూస్తాడు. అలా మూసినకొద్దీ అవధాని లోపలున్నది బయటికొస్తుంది.

మన పిల్లల చేతిలో ఉన్న ఏఐని అవధాని ఆసనం మీద కూర్చోబెట్టాం. ప్రశ్న మనం వేస్తున్నాం, పద్యం అది చెబుతోంది. కూర్చోబెట్టాల్సింది పృచ్ఛకుడి స్థానంలో. తుర్కియేలో రెండో గుంపుకు ఇచ్చింది సరిగ్గా అలాంటిదే. దానికి పెద్ద సాఫ్ట్‌వేర్‌ అక్కర్లేదు. లెక్క ఫొటో తీసి పెట్టే బదులు, తాను చేసిన మూడు మెట్లూ టైపు చేసి ‘నాలుగోది చెప్పొద్దు, ఈ మూడింటిలో తప్పుంటే ఎక్కడో మాత్రం చెప్పు’ అని పిల్ల అడగొచ్చు. చరిత్ర పాఠం చదివేముందు ‘ఈ యుద్ధం ఎందుకొచ్చిందో నా ఊహ ఇది, దీన్ని పడగొట్టే మూడు ప్రశ్నలు వెయ్యి’ అనొచ్చు. తెలుగులో అడిగినా అర్థం చేసుకుంటుంది. అది చెప్పిందీ తప్పు కావొచ్చు. తానూ ఒక అంచనా వేసుకున్న పిల్లకైతే ఆ తప్పు పట్టుకునే అవకాశం ఉంటుంది.

హైదరాబాద్‌, విశాఖ ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్లకు కూడా ఇదే చెబుతాను. కోడ్‌ ఎందుకు ఆగిపోయిందో అడిగేముందు, ఎక్కడ ఆగి ఉంటుందో ఒక లైను రాసి పెట్టుకోండి. తర్వాత అడగండి. రెండూ సరిపోకపోతే ఎందుకో తేలేదాకా ఆ పేజీ మూయకండి.

బళ్లలో ఒక మార్పు మాత్రం ఈ విద్యాసంవత్సరం నుంచే మొదలుపెట్టొచ్చు. దానికి జీవో అవసరం లేదు. వారానికి ఒక్క పీరియడ్‌, ఒక్క లెక్క. బోర్డు మీద రాసి, పిల్లలందరి అంచనాలూ పేర్లతో సహా పక్కన రాయాలి. మొదటి పీరియడ్‌లో జవాబు చెప్పకూడదు. ఇంటికి పంపాలి. వారం తర్వాత అదే బోర్డు మీద, ఎవరి అంచనా ఎక్కడిదాకా నడిచిందో, ఏ మెట్టు దగ్గర తప్పిందో వాళ్లతోనే చెప్పించాలి. తప్పిన అంచనాకు మార్కులు తీసేయకూడదు. అసలు అంచనా రాయని కాగితానికే తీసేయాలి.